120 కిలోల స్క్వాట్ కొడతాను, ఒంటికాలి మీద నిలబడలేను

ప్రశ్న: సార్, నాకు 20 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. మాది పల్నాడులో ఒక పల్లెటూరు. కబడ్డీ ఆడతాను, రైడర్‌ని. ఊళ్లో ఉన్నన్నాళ్లూ మట్టి కోర్టులో ఉత్త కాళ్లతో ఆడాను. కాలేజీలో చేరాక రెండేళ్లుగా మ్యాట్ మీద షూ వేసుకుని ఆడుతున్నాను. ఎనిమిది నెలల్లో కుడి చీలమండ రెండుసార్లు బెణికింది. ఎక్స్‌రే తీసి ఎముకకు ఏమీ కాలేదన్నారు. ఇప్పుడు నొప్పి లేదు. కానీ బోనస్ పాయింట్ కోసం లైను దాటి కుడి కాలు వేస్తే నిలవలేక తూలిపోతున్నాను. ‘కాళ్లలో సత్తువ లేదురా’ అని కోచ్ సార్ అన్నారు. జిమ్‌లో చేరి స్క్వాట్ 70 నుంచి 120 కిలోలకు తెచ్చాను. బోనస్ దగ్గర మాత్రం తేడా ఏం లేదు. బలం ఇంకా పెంచాలా, బ్యాలెన్స్ వేరే ప్రాక్టీస్ చేయాలా? బ్యాలెన్స్ బోర్డు కొనమంటారా? యాంకిల్ క్యాప్ వేసుకుంటే కాలు బలహీనపడుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా? యూనివర్సిటీ సెలెక్షన్స్‌కి రెండున్నర నెలలే టైముంది. టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

తమ్ముడూ, మీ కోచ్ సార్ అన్నదాంట్లో సగం నిజం ఉంది. సత్తువ తక్కువయ్యే ఉంటుంది, కాకపోతే నువ్వు పెంచిన చోట కాదు. నువ్వు తొడల్లో, పిరుదుల్లో పెంచావు. నాకు అనుమానంగా ఉన్నది మోకాలి కింద: పిక్క, చీలమండ, పాదం. దానికి తోడు, రెండుసార్లు బెణికిన కాలి నుంచి మెదడుకు వెళ్లే కబురు సరిగ్గా వెళ్లడం లేదు. ఈ రెండో సంగతిని స్క్వాట్ బాగుచేయలేదు, 120 కాదు 200 కొట్టినా సరే.

బోనస్ రూలు ఒకసారి గుర్తు తెచ్చుకో. ఎదురుగా ఆరుగురో ఏడుగురో డిఫెండర్లు ఉంటేనే బోనస్ పాయింట్. లైను దాటి కాలు పెట్టిన క్షణాన రెండో కాలు గాల్లో ఉండాలి. అంటే రూలే నిన్ను ఒంటికాలి మీద నిలబెడుతోంది. పైగా కూత ఆగకూడదు. కార్నర్‌లో ఉన్నవాడు సరిగ్గా ఆ చీలమండ మీదే కన్నేసి వంగి కూర్చుంటాడు. ముందుకు దూకుతున్న ఒళ్లంతా ఒక్క పాదం మీద ఆగాలి, మళ్లీ అదే పాదంతో తోసుకుని వెనక్కి రావాలి. స్క్వాట్‌లో వీటిలో ఒక్కటైనా ఉందా? రెండు పాదాలూ భుజాల వెడల్పున నేలకు అతుక్కుని ఉంటాయి. పక్కకు ఒరిగే పనే లేదు. నెమ్మదిగా దిగి నెమ్మదిగా లేస్తావు. మీ వైపు బండలాగుడు పోటీలు చూసే ఉంటావు కదా. ఎంత బలమైన గిత్తలైనా గిట్టలకు నేల మీద పట్టు దొరక్క జారాయంటే బండ కదలదు. నీ తొడల బలం కూడా పాదం గుండానే నేలకు చేరాలి.

బలానికీ బ్యాలెన్స్‌కీ సంబంధం ఎంత అన్నది చాలామంది కొలిచి చూశారు. పిల్లల మీద, కుర్రవాళ్ల మీద, పెద్దవాళ్ల మీద జరిగిన అలాంటి అధ్యయనాలను 2015లో జర్మనీ పరిశోధకులు ఒకచోట చేర్చి లెక్కగట్టారు. సంబంధం ఉంది, కానీ చాలా చిన్నది అని తేలింది. ఒకటి పెంచితే రెండోది దానంతటదే పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు, రెండూ విడివిడిగా పరీక్షించాలి, విడివిడిగా సాధన చేయాలి అని వాళ్ల సారాంశం. నువ్వు నీ సొంత కాళ్ల మీద చేసిన ప్రయోగంలోనూ అదే వచ్చింది.

మన దగ్గరే చూడు. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, దాన్ని పాదాలతో జరుపుకుంటూ, కొందరైతే నెత్తి మీద నీళ్ల చెంబు పెట్టుకుని ఆడతారు. ఆ అమ్మాయిల్లో ఎంతమంది 120 కిలోలు ఎత్తుతారు? వాళ్ల పాదాల వేళ్లు, పిక్కలు మాత్రం గట్టివి, ఏళ్ల తరబడి ఉత్త కాళ్లతో వేసిన నాట్యపు అడుగుల వల్ల. అలాగని ఆ డ్యాన్సర్‌ని తెచ్చి బోనస్ లైను దగ్గర నిలబెడితే నీకంటే ముందే పడిపోతుంది. బ్యాలెన్స్‌లో అదొక చిక్కు. ఏ పని సాధన చేస్తే ఆ పనికే ఎక్కువగా పనికొస్తుంది. తాడు మీద నడక నేర్చుకున్నవాడికి తాడు మీద నడకే బాగా వస్తుంది. దీన్ని గుర్తుంచుకో, బోర్డు సంగతి దగ్గర మళ్లీ వస్తాను.

ఇప్పుడు కబురు సంగతి. ఒళ్లు నిలబెట్టడానికి మెదడు మూడు చోట్ల నుంచి సమాచారం తీసుకుంటుంది: కళ్లు, లోపలి చెవి, ఆపైన పాదాలు, కీళ్లు, కండరాల్లో ఉండే నరాల కొసలు. రైడ్‌లో నీ కళ్లు డిఫెండర్ల మీద ఉంటాయి, కింద చూసుకునే తీరిక ఉండదు. కాబట్టి నేల ఎలా ఉంది, పాదం ఎటు ఒరుగుతోంది అన్నది ఎక్కువగా పాదమే చెప్పాలి. చీలమండ బయటివైపు లిగమెంట్లు, అంటే కీలును పట్టి ఉంచే పట్టీలు, తాళ్లలాంటివే అయినా వాటిలో నరాల కొసలు కూడా ఉంటాయి. బెణికినప్పుడు తాడుతో పాటు ఆ తీగలు కూడా దెబ్బతింటాయని, అందుకే నొప్పి తగ్గాక కూడా కాలు ‘వదిలేస్తుంది’ అని బ్రిటన్‌కు చెందిన ఫ్రీమన్ అనే సర్జన్ 1965లోనే రాశాడు. ఊగే బల్ల మీద సాధన చేయిస్తే అలాంటివాళ్లకు మెరుగవుతుందని కూడా చూపించాడు. ఇప్పటి శాస్త్రవేత్తలు లిగమెంటు ఒక్కటే కారణం అనరు. కండరాలకు మెదడు ఇచ్చే ఆజ్ఞలు కూడా మారిపోతాయంటారు. ఎలా చెప్పినా నీకు కావాల్సిన విషయం ఒకటే: నొప్పి పోవడం, కాలు బాగవడం రెండూ ఒకటి కావు.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడేవాణ్ని. స్మాష్ కొట్టి దిగుతూ అవతలివాడి పాదం మీద కాలు వేశాను. ‘వేడినీళ్లు పోసి గట్టిగా రుద్దించుకో, రేపు మ్యాచ్ ఉంది’ అన్నారు పెద్దలు. రుద్దించుకున్నాను, వాపు రెట్టింపయింది. మూడు వారాలకు తగ్గింది, దిగాను, మళ్లీ అదే కాలు. ఏడాదిన్నరలో నాలుగుసార్లు. అప్పట్లో నాకెవరూ ఒంటికాలి మీద నిలబడి చూడు అనలేదు.

మరి బలం ఉంటే కాలు మడత పడకుండా ఆపుకోలేమా? ఇక్కడ టైము లెక్క చూడాలి. చీలమండ మడత పడడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఒరుగుతోందని గ్రహించి, కాలి బయటివైపు కండరాలు కదలడం మొదలుపెట్టేసరికే 60, 70 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. వాటిలో బిగువు రావడానికి ఇంకొంత సమయం కావాలి. స్క్వాట్‌లో నువ్వు చూపించే పూర్తి బలం బయటికి రావాలంటే సెకనులో మూడో వంతు పడుతుంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది. అందుకే మంచి ఆటగాడి కండరాలు పాదం నేలను తాకకముందే బిగుసుకుని సిద్ధంగా ఉంటాయి. ఆ ముందుచూపు బరువులతో రాదు. దూకడం, దిగడం, ఆగడం వందలసార్లు చేస్తే వస్తుంది.

ఇక పాదం. అందరూ దీన్ని షూలో పెట్టి మర్చిపోతారు. ఒక్క పాదంలో 26 ఎముకలు ఉంటాయి. అరికాలిలో చిన్న చిన్న కండరాలు నాలుగు పొరలుగా ఉంటాయి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు ఒళ్లు బొమ్మలా స్థిరంగా ఉండదు, ఎప్పుడూ కొంచెం ఊగుతూనే ఉంటుంది. ముందుకు ఒరిగితే పిక్క, వేళ్లు ఆపుతాయి. పక్కలకు ఒరిగితే చీలమండ పక్క కండరాలు, అరికాలి చిన్న కండరాలు సర్దుతాయి. వానాకాలం తడిసిన పొలం గట్టు మీద నడిచావా? వేళ్లు వాటంతటవే గట్టును పట్టుకుంటాయి చూడు, అదే ఆ కండరాల పని. మట్టి కోర్టులో నువ్వు ఉత్త కాళ్లతో ఆడిన రోజుల్లో ఆ పని రోజూ జరిగేది. ఇంకో తేడా కూడా ఉంది. మట్టిలో పాదం కొంచెం జారుతుంది, ఆ జారడమే చాలాసార్లు చీలమండను కాపాడుతుంది. మ్యాట్ మీద షూ అతుక్కుంటుంది, పాదం ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం దాని మీదుగా వెళ్లిపోతుంది. షూ తీసేయమనడం లేదు. షూ ఉంది కదా అని పాదానికి సెలవు ఇవ్వొద్దంటున్నాను.

ఇంతా చెప్పి బలం దండగ అంటున్నానని అనుకోకు. అలా చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటా నమ్మకు. పరుగులో లోపలి పిక్క కండరం, సోలియస్ అంటారు, శరీర బరువుకు ఆరు రెట్లకు పైగా భారం మోస్తుందని అంచనా. అది బలహీనంగా ఉంటే మొదటి పది నిమిషాలు బాగానే ఉంటావు, సెకండ్ హాఫ్‌లో అలసిపోతుంది, అలసిన పిక్క ఒళ్లును ఆపలేదు. రెండో బెణుకు మ్యాచ్‌లో ఎప్పుడు జరిగిందో నువ్వు రాయలేదు. చివర్లో అయ్యుంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇక యాంకిల్ హోల్డ్ పడ్డాక మిడ్ లైను దాకా ఈడ్చుకుని రావాలంటే నీ 120 కిలోలు అక్కడ పనికొస్తాయి. కాబట్టి స్క్వాట్ మానొద్దు. వారానికి రెండుసార్లు చెయ్యి, బరువు ఇప్పుడున్న చోటే ఆపు. మిగిలిన టైము మోకాలి కిందికి మళ్లించు.

ముందు కొలుచుకో. రెండు కాళ్లకూ చేసి, నోట్‌బుక్‌లో రాసిపెట్టు.

ఉత్త కాళ్లతో, చేతులు నడుము మీద పెట్టుకుని ఒంటికాలి మీద నిలబడు. ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి. పక్కన గోడ ఉండాలి. ఎడమకూ కుడికీ తేడా ఎంత? ఎన్ని సెకన్లు అన్నదానికంటే ఎలా ఊగుతున్నావో ఫ్రెండ్‌ని ఫోన్‌లో తీయమను. చీలమండ దగ్గర సన్నగా సర్దుకుంటుంటే ఫర్వాలేదు. నడుము, చేతులు విసురుతున్నావంటే చీలమండ తన పని వదిలేసి నడుముకు అప్పగించిందన్నమాట.

తర్వాత, గోడకు వేలు ఆనించి ఒంటికాలి మీద మడమ పూర్తిగా లేపుతూ దించుతూ వెళ్లు. మోకాలు వంగకూడదు. 25 సార్లు రావాలన్నది ఫిజియోథెరపీలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. ఆటగాడివి, అంతకు మించే రావాలి. 120 కిలోలు ఎత్తేవాళ్లు ఇక్కడ 14, 15 దగ్గర ఆగిపోవడం నేను చూశాను.

మూడోది, గోడకు ఎదురుగా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించు. తాకుతూనే ఉండేలా పాదాన్ని వెనక్కి జరుపుతూ పో. బొటనవేలికీ గోడకీ మధ్య దూరం ఎంత వచ్చింది? పది సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. కుడి కాలికి రెండు సెంటీమీటర్లకు మించి తక్కువొస్తే కీలు బిగుసుకుపోయిందని అర్థం. వంగని చీలమండ మీద ఒళ్లు ముందుకు వాలదు, బోనస్‌లో నువ్వు తూలడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఆఖరిది నేల మీద టేపు అంటించి చేసేది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలి బొటనవేలితో టేపు వెంట ఎంత ముందుకు అందుకోగలవో చూడు, బరువు దాని మీద వేయకుండా. ఇదే నీ బోనస్‌కి దగ్గరి పరీక్ష. అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ పిల్లల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో, ఇలా ముందుకు అందుకోవడంలో రెండు కాళ్లకూ నాలుగు సెంటీమీటర్లకు మించి తేడా ఉన్నవాళ్లకు కాళ్ల గాయాల అవకాశం సుమారు రెండున్నర రెట్లు కనిపించింది. కబడ్డీకి అదే అంకె వర్తిస్తుందని గ్యారంటీ ఇవ్వను, కానీ తేడా కొలవడానికి పైసా ఖర్చు లేదు.

సాధన ఎనిమిది వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు. ప్రాక్టీస్ ముందు, అలసట లేనప్పుడు.

మడమలు లేపడం ప్రధానం. మెట్టు అంచు మీద, ఒంటికాలితో, నెమ్మదిగా. సగం సెట్లు మోకాలు నిటారుగా, సగం కొంచెం వంచి చెయ్యి. వంచితే ఆ లోపలి పిక్క మీద పడుతుంది. శరీర బరువుతో 25 సునాయాసంగా వచ్చాక చేతిలో డంబెల్ పట్టుకో. జిమ్‌కి వెళ్తున్నావు కదా, నీ గర్వం కొంచెం ఇక్కడ ఖర్చు పెట్టు.

పాదానికి: కుర్చీలో కూర్చుని, వేళ్లు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమ వైపు లాక్కున్నట్టు చెయ్యి. అరికాలి గూడు కొంచెం లేస్తుంది. దీన్ని షార్ట్ ఫుట్ అంటారు. చూడటానికి ఏమీ చేస్తున్నట్టు ఉండదు, మూడో రోజుకి అరికాలు పట్టేసినప్పుడు తెలుస్తుంది. ఐదు సెకన్లు ఆపి పదిసార్లు. వారం తర్వాత నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద. ఆపైన సైకిల్ ట్యూబు ముక్క మంచం కోడుకు కట్టి, పాదాన్ని బయటివైపుకు లాగే వ్యాయామం. కాలు మడత పడకుండా అడ్డుపడే కండరాలు అవే.

బ్యాలెన్స్‌కి మొదటి రెండు వారాలు ఉత్త కాళ్లతో ఒంటికాలి మీద నిలబడి ఫ్రెండ్‌తో బంతి విసురుకో. కళ్లు బంతి మీద ఉండాలి, పాదం మీద కాదు. మూడో వారం నుంచి దూకి దిగడం: రెండు కాళ్లతో దూకి కుడి కాలి మీద దిగి, మూడు సెకన్లు రాయిలా ఆగు. ముందుకు, పక్కలకు, ఐమూలగా. ఆగలేకపోతే దూరం తగ్గించు. ఐదో వారం నుంచి షూ వేసుకుని మ్యాట్ మీద బోనస్ లైను దగ్గరే, కూత పెడుతూ. మొదట ఎదురుగా ఎవరూ లేకుండా, తర్వాత ఒకడు భుజం మీద చిన్నగా తోస్తూ, ఆఖరికి కార్నర్‌లో నిజంగానే డిఫెండర్‌ని పెట్టి. చివరి రెండు వారాల్లో వారానికి ఒక రోజు ప్రాక్టీస్ అయ్యాక, కాళ్లు అలసి ఉన్నప్పుడు కూడా చెయ్యి, మ్యాచ్‌లో కాళ్లు అలాగే ఉంటాయి కాబట్టి.

ఎనిమిది వారాలు ఎందుకంటే, నెదర్లాండ్స్‌లో 2009లో దీని మీద గట్టి పరీక్ష జరిగింది. చీలమండ బెణికిన 522 మంది ఆటగాళ్లను తీసుకున్నారు. మామూలు వైద్యం అందరికీ ఉంది. సగం మందికి అదనంగా ఇంట్లోనే చేసుకునే బ్యాలెన్స్ సాధన, వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు ఇచ్చారు. ఏడాదిలో సాధన లేనివాళ్లలో నూటికి 33 మందికి మళ్లీ బెణికింది, సాధన చేసినవాళ్లలో 22 మందికి. సున్నా కాలేదు చూశావా? ఎవరైనా ‘ఇది చేస్తే జీవితంలో కాలు బెణకదు’ అంటే నవ్వి ఊరుకో.

బోర్డు కొనాలా అంటే, నీ డబ్బు నీ దగ్గరే ఉంచుకో. ఆ నెదర్లాండ్స్ వాళ్లు వాడారు, అదేం చెడ్డది కాదు. కానీ ముందే చెప్పాను కదా, బోర్డు మీద సాధన చేస్తే ముందుగా బోర్డు మీద నిలబడడమే వస్తుంది. నీకు కావాల్సింది కదలని నేల మీద కదిలే ఒంటిని ఆపడం. మడతపెట్టిన బొంత చాలు మార్పు కోసం. మిగిలిన డబ్బుతో పాదానికి సరిపడా షూ కొనుక్కో, సైడ్‌కి అరిగిన షూతో ఆడుతున్నావేమో ఒకసారి తిప్పి చూడు.

యాంకిల్ క్యాప్ సంగతి మీ ఫ్రెండ్స్ చెప్పింది తప్పు. ఒకసారి బెణికిన కాలికి లేసులు కట్టుకునే గట్టి బ్రేస్ గానీ, సరిగ్గా వేసిన టేపింగ్ గానీ మళ్లీ బెణికే అవకాశాన్ని తగ్గిస్తాయని చాలా అధ్యయనాలు చూపించాయి. దానివల్ల కండరం చచ్చిపోదు. మెడికల్ షాపుల్లో దొరికే మెత్తటి సాగే క్యాప్ మాత్రం కొంచెం వెచ్చదనం, కొంచెం ధైర్యం ఇస్తుంది, మడత పడే కాలును ఆపలేదు. మ్యాచ్‌లో బ్రేస్ వేసుకో, పైన చెప్పిన సాధన అది లేకుండా చెయ్యి.

రెండు జాగ్రత్తలు. కాలు ఉన్నట్టుండి ‘వదిలేయడం’ మామూలు నడకలో కూడా జరుగుతుంటే, లోపల ఏదో పట్టేసినట్టు, లాక్ అయినట్టు ఉంటే, సాధన మొదలుపెట్టే ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించు. ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదు, లోపలి మృదులాస్థి దెబ్బ కూడా సరిగ్గా కనపడదు. మళ్లీ ఎప్పుడైనా బెణికి, నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, లేదా చీలమండ గుబ్బల వెనక ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే, నాటు కట్టుకు ముందు ఎక్స్‌రే తీయించు.

సెలెక్షన్స్‌కి పది వారాలు ఉన్నాయి, నీ సాధనకు ఎనిమిది చాలు. ఆట ఆపక్కర్లేదు. కోచ్ సార్‌తో మాట్లాడి మొదటి నాలుగు వారాలు కుడి కాలితో బోనస్ ట్రై చేయకుండా పర్మిషన్ తీసుకో. టో టచ్, హ్యాండ్ టచ్ మీద పాయింట్లు తెచ్చుకో, బోనస్ కావాలంటే ఎడమ కాలు వెయ్యి. ఐదో వారంలో మ్యాట్ మీద బోనస్ డ్రిల్ మొదలుపెట్టే ముందు ఆ నాలుగు కొలతలు మళ్లీ తీసుకో. కుడి, ఎడమ దగ్గరకొచ్చి ఉంటే ముందుకెళ్లు. రాకపోతే ఇంకో వారం దూకి ఆగే దగ్గరే ఉండు.